వ్యాన్‌కి సోలార్: ముందు రాత్రి లెక్క వేయండి

(వ్యాన్‌ని ఇల్లుగా మార్చుకుని తిరగాలనుకునేవారి కోసం హైదరాబాద్‌లో ఒక ఆదివారం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్లకి వినిపిస్తోందా? ఆ స్తంభం పక్కనున్నవాళ్లు కాస్త ముందుకి రండి, బోర్డు మీద అంకెలు కనబడాలి. ఇవాళ అంతా అంకెలే. భయపడకండి, గుణకారం, భాగహారం వస్తే చాలు.

నాకు ఫోన్ చేసేవాళ్లు దాదాపు అందరూ ఒకటే అడుగుతారు. "అన్నా, ట్రావెలర్ వ్యాన్ తీసుకున్నాను, పైన ఎన్ని ప్యానెళ్లు పడతాయి?" అని. ఎన్ని పడతాయో టేపు పెట్టి కొలిస్తే తెలుస్తుంది, దానికి నేనెందుకు? నేను తిరిగి అడుగుతాను. "మీరు రాత్రి ఎలా పడుకుంటారండీ?" ఫ్యాన్ కిందా, ఏసీలోనా, కిటికీ తెరిచా? అవతలాయన ఒక్క క్షణం ఆగిపోతాడు. నేను వేళాకోళం ఆడుతున్నాననుకుంటాడు. కాదండీ, మన ఊళ్లలో వ్యాన్‌కి సోలార్ లెక్క తేలేది రాత్రి దగ్గరే. పగలు ఎండ ఉంటుంది, కరెంటు తయారవుతూ ఉంటుంది, వాడుకుంటూ ఉంటాం, పెద్ద ఇబ్బంది లేదు. ఆరింటికి పొద్దు గూకాక మర్నాడు ఏడెనిమిది దాకా ఏం చేస్తారు? అదీ ప్రశ్న.

మీలో చాలామంది అమెరికావాళ్ల వీడియోలు చూసి వచ్చారు, నాకు తెలుసు. చూడండి, తప్పులేదు. కానీ వాళ్ల లిస్టు తెచ్చి మన వ్యాన్‌కి అతికించకండి. అక్కడ చాలా ఆర్‌వీల్లో, అంటే ఇల్లులాంటి బండ్లలో, ఫ్రిజ్ గ్యాస్ మీద నడుస్తుంది, చలికి హీటర్ కూడా గ్యాసే. క్యాంపుగ్రౌండ్‌కి వెళ్తే కరెంటు ప్లగ్గు, నీళ్లు, అన్నీ అక్కడే ఉంటాయి. మనకి ఆ ఏర్పాటు చాలా తక్కువ. పైగా వాళ్ల బాధ చలి, మన బాధ ఉక్కపోత. సూర్యలంక బీచ్ దగ్గర మే నెలలో రాత్రి పదకొండింటికి గాలి ఆగిపోతే వ్యాన్ లోపల ఎలా ఉంటుందో ఎప్పుడైనా పడుకుని చూశారా? పడుకున్నవాళ్లు నవ్వుతున్నారు చూడండి.

సరే, లెక్కలోకి వద్దాం. యూనిట్ అంటే మీ అందరికీ తెలుసు, ప్రతి నెలా బిల్లు కడుతున్నారుగా. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే ఒక యూనిట్. వంద వాట్ల వస్తువు పది గంటలు నడిచినా అంతే. వ్యాన్‌లో మనవి చిన్న చిన్న లెక్కలు కాబట్టి వాట్-అవర్లలో చెప్పుకుందాం. వెయ్యి వాట్-అవర్లు ఒక యూనిట్. వాట్లని గంటలతో గుణించడం, అంతకు మించి ఏమీ లేదు.

ఒక కుటుంబాన్ని తీసుకుందాం. భార్యాభర్తలు, ఒక పిల్ల. ఆయనకి మధ్య మధ్య లాప్‌టాప్ పని ఉంటుంది. ఎండాకాలం మొదట్లో బయల్దేరారు. గండికోట దగ్గర రెండు మూడు రోజులు ఆగుతారు, తర్వాత సముద్రం వైపు వెళ్తారు. వీళ్ల రోజు రాద్దాం.

ముందు ఫ్రిజ్. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్, 50 లీటర్లది. కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు 50 వాట్ల దాకా తీసుకుంటుంది. రోజంతా తిరగదు, ఆగి ఆగి తిరుగుతుంది. కంపెనీవాళ్లు కాగితం మీద రాసే అంకె చల్లటి గదిలోది. మన ఎండల్లో, రేకు డబ్బాలాంటి వ్యాన్‌లో, పిల్ల పది నిమిషాలకోసారి తలుపు తీసి చల్లనీళ్లు తాగుతుంటే, రోజులో సగం సేపు తిరుగుతుందనుకోండి. 50 వాట్లు, 12 గంటలు, 600. ఒక్క ఫ్రిజ్‌కే 600 వాట్-అవర్లు.

తర్వాత ఫ్యాన్లు. వ్యాన్‌లో సీలింగ్ ఫ్యాన్ పెడితే తలలు తెగుతాయి కాబట్టి గోడకి బిగించే 12 వోల్టులవి. ఒక్కోటి 20 వాట్లు, రెండు ఫ్యాన్లు. రాత్రి తొమ్మిది గంటలు, మధ్యాహ్నం నాలుగు గంటలు, మొత్తం 13. రెండూ కలిపి 520. అబ్బో, ఫ్యాన్లకి ఇంతా అనిపిస్తుంది కదా? ఇరవై వాట్లే, కానీ గంటలు ఎక్కువ. మిక్సీ 600 వాట్లు, పేరు వింటే భయం వేస్తుంది. రోజుకి పది నిమిషాలు, అంటే 100. అయిపోయింది. వాట్లు చూసి భయపడకండి, గంటలు చూసి భయపడండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పైకప్పులో వేడి గాలి లాగేసే ఫ్యాన్ 150. నాలుగు ఎల్ఈడీ లైట్లు, ఒక్కోటి 5 వాట్లు, నాలుగు గంటలు, 80. ఫోన్లూ ట్యాబూ 70. లాప్‌టాప్ 50 వాట్లు, నాలుగు గంటలు, 200. నీళ్ల పంపు అంతా కలిపి ఇరవై నిమిషాలు నడవదు, 20. కూడండి ఎవరైనా. ... 1,740. కరెక్ట్. మిక్సీకీ లాప్‌టాప్‌కీ బ్యాటరీ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ వాడతాం, అందులో పోయేది ఓ 60 కలుపుకుంటే 1,800. రోజుకి రెండు యూనిట్ల లోపే.

ఇప్పుడు ఈ లిస్టులో లేని వస్తువు ఒకటుంది. ఏంటది? చెప్పండి. టీవీనా? కాదు. ఇన్వర్టర్ తానే. మీరు ఏమీ పెట్టకపోయినా, ఊరికే ఆన్‌లో ఉంటే చాలు, అది 20 వాట్ల దాకా తింటూనే ఉంటుంది. ఇరవై నాలుగు గంటలకి ఎంత? 480. ఇంచుమించు మీ రెండు ఫ్యాన్లు రోజంతా తిన్నంత! ఎవరికీ గాలి రాలేదు, వెలుగు రాలేదు. అందుకే ఫోన్లు, లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, పంపు, ఇవన్నీ నేరుగా 12 వోల్టుల మీదే నడపండి. వీలైతే లాప్‌టాప్‌కి కూడా 12 వోల్టుల ఛార్జర్ దొరుకుతుంది, టైప్-సీ అయితే ఇంకా సులువు. ఇన్వర్టర్‌ని మిక్సీ వేళకి ఆన్ చేసి, పని కాగానే ఆపేయండి. దాని స్విచ్ చేతికందే చోట ఉండాలి. సీటు కింద, బ్యాటరీ పెట్టె వెనక పెట్టించుకుంటే ఎవరూ ఆపరు, నేను రాసిస్తాను.

ఇక ప్యానెల్. 540 వాట్ల ప్యానెల్ ఉంది, సూర్యుడు పన్నెండు గంటలుంటాడు, కాబట్టి ఆరున్నర యూనిట్లు వస్తాయని ఈమధ్య ఒకాయన నాతో వాదించాడు. పొద్దున ఏడింటి ఎండా, పన్నెండింటి ఎండా ఒకటేనా? ప్యానెల్ మీద రాసిన 540 అనేది చదరపు మీటరుకి 1,000 వాట్ల ఎండ పడుతూ, ప్యానెల్ లోపల 25 డిగ్రీలే ఉన్నప్పుడు వచ్చేది. రోజంతా పడిన ఎండని అలాంటి నిండు ఎండ గంటల్లోకి మారిస్తే, హైదరాబాద్‌లో ఏడాది సగటున ఐదు గంటలకి కాస్త అటూ ఇటూ. ఎండాకాలంలో ఆరు దాటుతుంది. జులై, ఆగస్టుల్లో నాలుగు చిల్లర.

మరి ఆ 25 డిగ్రీల సంగతి? మే నెల మధ్యాహ్నం వ్యాన్ పైకప్పు మీద చెయ్యి పెట్టగలరా? ప్యానెల్ లోపల 65, 70 డిగ్రీలు ఉంటుంది. 25 దాటిన ప్రతి డిగ్రీకీ నూటికి 0.35 నుంచి 0.4 వంతు తగ్గుతుంది. అంటే ఒక్క వేడికే నూటికి పదిహేను పోయింది. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుంది, నిజమే, కానీ వేడి ఎక్కువైతే తగ్గుతుంది. రెండూ వేరు. ఆపైన దుమ్ము, పావురాల రెట్టలు, వైర్లలో పోయేది, ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య ఛార్జింగ్‌ని అదుపు చేసే కంట్రోలర్‌లో పోయేది. నేనైతే నూటికి డెబ్భై వస్తుందని లెక్క వేస్తాను. ఎక్కువ వస్తే సంతోషం.

ఇప్పుడు భాగహారం. రోజుకి కావలసింది 1,800. ఐదు గంటలని 0.7తో గుణిస్తే 3.5. 1,800ని 3.5తో భాగిస్తే? 514. అంటే ఒక్క 540 వాట్ల ప్యానెల్! ఇంటి మీద పెట్టే మామూలు ప్యానెల్ ఒక్కటి. ఇన్వర్టర్ స్విచ్ ఆపకుండా వదిలేశారనుకోండి, అప్పుడు ఆ 60 బదులు 480, రోజుకి 2,220, ప్యానెల్ 634 కావాలి. ఒక్క స్విచ్ ఆపడానికి బద్ధకిస్తే 120 వాట్ల ప్యానెల్ అదనంగా మోయాలన్నమాట. అదే వానాకాలం, నాలుగు గంటల లెక్కన వేస్తే 1,800కే 640 దాటుతుంది. మీరు ఏ నెలలో తిరుగుతారో ముందే అనుకోండి. జులైలో అరకు వెళ్లి ముసురులో నాలుగు రోజులు కూర్చుంటామంటే సోలార్‌ని నమ్ముకోకండి. దట్టమైన మబ్బు పట్టినప్పుడు నిండు ఎండలో వచ్చేదాంట్లో పదో వంతో ఐదో వంతో వస్తుంది, అంతే.

ప్యానెల్‌ని వంచి పెట్టాలా, పడుకోబెట్టాలా అని అడుగుతారు. పడుకోబెట్టేయండి. మనం భూమధ్యరేఖకి దగ్గర. మే రెండో వారంలోనూ, మళ్లీ ఆగస్టు మొదట్లోనూ హైదరాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువు కర్రకి నీడ కూడా ఉండదు. పడుకున్న ప్యానెల్‌కి అంతకంటే ఏం కావాలి? డిసెంబరులో కొంత తగ్గుతుంది, కానీ అప్పుడు మీకు ఫ్యాన్లు అక్కర్లేదు కాబట్టి చెల్లుకి చెల్లు. వంచే ఫ్రేములు, జాకీలు, ఆ ఖర్చు దండగ నా దృష్టిలో. పడుకోబెట్టినా పైకప్పుకి అతికించేయకండి. రెండు మూడు అంగుళాల ఖాళీ ఉంచండి, కింద నుంచి గాలి ఆడాలి. అతికించే పల్చటి ప్యానెళ్లు చూడ్డానికి బాగుంటాయి, బరువు తక్కువ, కానీ కింద గాలి లేక కాగిపోతాయి, త్వరగా పాడవుతాయి.

ఇక అసలు తగువు ఇక్కడుంది, వినండి. మనవాళ్లు వ్యాన్ ఎక్కడ ఆపుతారు? చింతచెట్టు కింద! అవునా కాదా? పది కిలోమీటర్లు వెతికైనా నీడ చూసుకునే ఆపుతాం. నీడలో ఆపితే మనిషికి సుఖం, ప్యానెల్‌కి పస్తు. ఎండలో ఆపితే ప్యానెల్‌కి పండగ, లోపల మనం ఉడికిపోతాం, ఉడికితే ఇంకా ఎక్కువ ఫ్యాన్లు వేస్తాం, ఫ్రిజ్ ఇంకా ఎక్కువ తిరుగుతుంది. దీనికి ఏం చేయాలి?

సగం నీడలో ఆపితే సగం కరెంటు వస్తుందని లెక్క వేసుకోకండి. ప్యానెల్‌లో గళ్లు దండలాగా వరసగా కలిపి ఉంటాయి. ఒక గడి మీద నీడ పడితే ఆ వరస అంతా మందగిస్తుంది. లోపల ఆ వరసని తప్పించి కరెంటుని దారి మళ్లించే డయోడ్లు ఉంటాయి కాబట్టి మొత్తం ఆగిపోదు, కానీ చెయ్యెడంత నీడకి మూడో వంతు కరెంటు పోవచ్చు. అందుకే పైన మీరు బిగించే క్యారియరు, యాంటెన్నా, గాలి ఫ్యాను మూత, వీటి నీడ ప్యానెల్ మీద పొద్దుటా సాయంత్రం ఎక్కడ పడుతుందో ముందు చూసుకోండి. రెండు ప్యానెళ్లు పెడితే, ఒకదాని మీద నీడ పడ్డా రెండోది ఆగకుండా ఉండాలంటే ప్యారలల్‌గా, అంటే ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలపాలి. అప్పుడు ఆంపియర్లు పెరుగుతాయి, వైరు లావు కావాలి. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి.

నేను చెప్పే మార్గం ఇది. పైన సగం, చేతిలో సగం. పైకప్పు మీద ఒక ప్యానెల్ బిగించండి. ఇంకో 150, 200 వాట్ల మడత ప్యానెల్ లోపల పెట్టుకోండి, పది మీటర్ల వైరుతో. వ్యాన్ చెట్టు నీడలో, ప్యానెల్ ఎండలో. పొద్దున తూర్పుకి, సాయంత్రం పడమరకి తిప్పుకోవచ్చు. దొంగల భయం ఉంది, నిజమే, దాని పక్కన ఎవరో ఒకరు ఉండాలి. గొర్రెలు కూడా ఎక్కుతాయి, నవ్వకండి, నేను చూశాను.

బ్యాటరీకి వద్దాం. బ్యాటరీ అంటే మేడ మీది నీళ్ల ట్యాంకు, ప్యానెల్ అంటే బోరు మోటారు. ట్యాంకు పెద్దదైనంత మాత్రాన నీళ్లు ఎక్కువ రావు. మోటారు పెద్దదైనా ట్యాంకు చిన్నదైతే పొంగి పోతాయి. ట్యాంకు ఎంత ఉండాలో మీ రాత్రి చెబుతుంది.

మన కుటుంబం రాత్రి లెక్క చూడండి. సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఏడు దాకా. ఫ్రిజ్ 300, రెండు ఫ్యాన్లు తొమ్మిది గంటలు 360, లైట్లు 80, ఫోన్లు 70, పైకప్పు ఫ్యాను 50, లాప్‌టాప్ ఓ గంట 50. మొత్తం 910. లిథియం బ్యాటరీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, 12 వోల్టులు 100 ఆంపియర్-అవర్‌ది తీసుకుంటే, అసలు వోల్టేజి 12.8 కాబట్టి, అందులో 1,280 వాట్-అవర్లు పడతాయి. నూటికి ఎనభై వాడుకుందాం, వెయ్యి చిల్లర. ఒక రాత్రి గడిచిపోతుంది. గడుస్తుంది, కానీ మర్నాడు మబ్బు పడితే? అందుకని 200 తీసుకోమంటాను. అప్పుడు వాడుకోడానికి రెండు వేలు దాటి ఉంటుంది. ఒక రాత్రీ, ఆ తర్వాత మబ్బు పట్టిన ఒక పగలూ గట్టెక్కుతారు.

ఇంట్లో ఇన్వర్టర్‌కి వాడే ట్యూబులర్ బ్యాటరీ పెట్టుకోవచ్చా? చాలామంది అడుగుతారు, ఇంట్లో ఒకటి పడి ఉంటుంది కదా. పెట్టుకోవచ్చు, కానీ లెక్క చూడండి. 150 ఆంపియర్-అవర్‌ది 1,800 వాట్-అవర్లు. దాన్ని సగం కంటే కిందికి రోజూ దింపితే త్వరగా చచ్చిపోతుంది. కాబట్టి చేతికి వచ్చేది 900. ఇందాకటి రెండు వేలకి రెండు బ్యాటరీలు పెట్టినా చాలవు. రెండూ కలిపి వంద కిలోలు దాటుతాయి. లిథియం అయితే పాతిక కిలోల దగ్గర తేలిపోతుంది. పైగా ట్యూబులర్ ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. మీరు పడుకునే మంచం కింద అది ఉండకూడదు, ఉంటే బయటికి గొట్టం ఉండాలి. ఆ యాసిడ్ వ్యాన్ కుదుపులకి చిందుతుంది. నేనైతే వద్దంటాను.

అయితే లిథియానికీ ఒక పంతం ఉంది. సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చేయకూడదు. వాడుకోవచ్చు, నింపకూడదు, నింపితే లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. ఆంధ్ర, తెలంగాణల్లో ఆ బాధ లేదు, లంబసింగి చలి కూడా దానికి ఓ లెక్క కాదు. లద్దాఖ్ వెళ్లేవాళ్లు ఎవరున్నారు? చేతులెత్తండి. అబ్బో, సగం మంది! మీరు బ్యాటరీని వ్యాన్ లోపల, మనుషులుండే చోటే పెట్టించుకోండి. చలికి ఛార్జింగ్ ఆపేసే బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపాడే సర్క్యూట్, ఉన్నదే కొనండి.

లద్దాఖ్ వాళ్లకి ఇంకో మాట. చలిలో ప్యానెల్ వోల్టేజి పెరుగుతుంది. 540 వాట్ల ప్యానెల్‌కి లోడు లేనప్పుడు 49 వోల్టుల చిల్లర. రెండు సిరీస్‌లో, అంటే దండలాగా వరసగా, కలిపితే 99. కంట్రోలర్ మీద 100 వోల్టులని రాసి ఉంది, సరిపోయింది కదా అనుకుంటారు. పాంగాంగ్ దగ్గర తెల్లవారుజామున మైనస్ పది డిగ్రీల్లో ఆ 99 కాస్తా 108 అవుతుంది. కంట్రోలర్ పోయింది. ఇక అక్కడ ఎవరు బాగుచేస్తారు? 150 వోల్టులది తీసుకోండి, లేదా ఒక్క ప్యానెల్‌తో సరిపెట్టుకోండి.

కంట్రోలర్ మాట వచ్చింది కాబట్టి, ఎంపీపీటీ రకమే కొనండి, అది ప్యానెల్‌ని దాని సొంత వోల్టేజి దగ్గరే నడిపి, వచ్చినదాన్ని బ్యాటరీకి తగ్గట్టు మారుస్తుంది. చవగ్గా వస్తుందని పీడబ్ల్యూఎం రకం కొంటే, అది ప్యానెల్ వోల్టేజిని బ్యాటరీ వోల్టేజికి దించేస్తుంది. ఇంటి ప్యానెల్ 41 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు ఇస్తుంది. పీడబ్ల్యూఎం పెడితే అదే 13 ఆంపియర్లు 13 వోల్టుల దగ్గర. ఎంతయింది? 170 వాట్లు. 540 కొని 170 వాడుకుంటున్నారు. ఎంపీపీటీ 40 ఆంపియర్లది మన కుటుంబానికి సరిపోతుంది.

సరే, మీరంతా ఎదురుచూస్తున్న ప్రశ్న. ఏసీ. ఇందాకటి నుంచి ఆ మొదటి వరసలో అక్క అదే అడుగుదామని చూస్తున్నారు, నాకు తెలుస్తోంది. అడగండమ్మా... "ఎండాకాలంలో పిల్లలతో ఏసీ లేకుండా ఎలా?" న్యాయమైన ప్రశ్నే. కాదని నేను అనను, లెక్క వేసి చూపిస్తాను, మీరే అనండి.

ముప్పావు టన్ను, ఇన్వర్టర్ ఏసీ, మంచిది. వ్యాన్ గోడలకి థర్మోకోల్ లాంటి ఇన్సులేషన్ బాగా వేశారు. రాత్రి సగటున 600 వాట్లు తీసుకుంటుందనుకుందాం, ఎనిమిది గంటలు. 4.8 యూనిట్లు. మన వ్యాన్ ఇన్వర్టర్‌లో పోయేది కలిపితే 5.4. మన కుటుంబం రోజంతా వాడేది 1.8. ఒక్క ఏసీ ఒక్క రాత్రికి దానికి మూడు రెట్లు! బ్యాటరీ ఎంత కావాలి? ఏసీ వరకే 12 వోల్టుల లెక్కన 500 ఆంపియర్-అవర్లు దాటుతుంది. పోనీ అప్పు చేసి కొన్నారు. నింపడానికి ప్యానెల్? 5,400ని 3.5తో భాగించండి. 1,540 వాట్లు, ఆ మొదటి 540 కాక. మొత్తం నాలుగు ఇంటి ప్యానెళ్లు. ఒక్కోటి 2.28 మీటర్ల పొడవు, 1.13 మీటర్ల వెడల్పు, 28 కిలోల దాకా బరువు. మీ వ్యాన్ పైన పడతాయా? వెడల్పులో రెండు పట్టవు, పక్కకి పొడుచుకు వస్తాయి. పొడవులో ఒకదాని వెనక ఒకటి పెడితే తొమ్మిది మీటర్లు దాటుతుంది. బస్సు కొనుక్కోవాలి.

కాబట్టి ఏసీ వద్దని నేను చెప్పడం లేదు, పైకప్పే చెబుతోంది. ఏసీ పెట్టించుకోండి, కానీ ప్లగ్గు దొరికిన చోట వాడండి. హరిత రిసార్టులో ఆగినప్పుడు, చుట్టాలింటి ముందు ఆపినప్పుడు. మిగతా రాత్రుల్లో ఊరు మార్చండి. రోహిణి కార్తెలో రెంటచింతలలో వ్యాన్ ఆపి ఏసీ కోసం లెక్కలు వేసేకన్నా ఆ నాలుగు రోజులు కొండెక్కడం చవక. వ్యాన్ ఉన్నదే కదలడానికి కదా? మధ్యాహ్నం ఎండ మాంచిగా ఉన్నప్పుడు, బ్యాటరీ నిండి ప్యానెల్ కరెంటు వృథాగా పోతుంటే ఓ అరగంట ఏసీ వేసుకుని లోపల చల్లబరచుకోండి, అది సబబు. కూలర్ అంటారా, కరెంటు తక్కువే, కానీ కోస్తాలో ఉక్కకి అది పనిచేయదు, ఇంకాస్త చెమట పట్టిస్తుంది. రాయలసీమలో, తెలంగాణలో పొడి గాలికి బాగుంటుంది.

వంట కూడా అంతే. ఇండక్షన్ స్టవ్ 1,800 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి దానికి 170 ఆంపియర్లు పోవాలి. బొటనవేలంత కేబులు కావాలి. రోజుకి గంట వంట అంటే ఎంత తగ్గించి వాడినా ఒక యూనిట్ దాటుతుంది. అదే ఐదు కిలోల చిన్న గ్యాస్ సిలిండర్‌లో ఎంత శక్తి ఉందో తెలుసా? 64 యూనిట్ల వేడి. స్టవ్ మీద వృథా పోయింది పోగా కూడా మన 540 వాట్ల ప్యానెల్ ఇరవై రోజులు ఇచ్చేంత. నేను సోలార్ పని చేసుకుని బతికేవాణ్ణి, అయినా చెబుతున్నాను, అన్నం గ్యాస్ మీదే వండుకోండి. స్నానానికి నీళ్లు కూడా గ్యాస్ మీదే, గీజరు ఊసెత్తకండి. గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే నిలుస్తుంది కాబట్టి అలారం కింద, నేలకి దగ్గరగా బిగించండి. సిలిండర్ ఉన్న చోట అడుగున బయటికి కంత ఉండాలి.

ఇంకో ఆదాయ మార్గం మర్చిపోతారు. మీ ఇంజన్. ఇంజన్ కరెంటుతో వ్యాన్ బ్యాటరీని నింపే డీసీ-డీసీ ఛార్జర్ అని దొరుకుతుంది, 30 ఆంపియర్లది పెట్టించుకుంటే బండి నడుస్తున్నంతసేపూ గంటకి 400 వాట్-అవర్లు బ్యాటరీలోకి వెళ్తాయి. హైదరాబాద్ నుంచి గండికోట ఏడెనిమిది గంటల ప్రయాణం. చేరేసరికి బ్యాటరీ ఫుల్లు, ప్యానెల్ సాయం లేకుండానే. కాబట్టి రోజూ ఊరు మారేవాళ్లకి సోలార్ చాలా తక్కువ చాలు, అసలు లేకపోయినా నడుస్తుంది. ఒకేచోట నాలుగు రోజులు కూర్చునేవాళ్లకి సోలారే దిక్కు. మీరు ఏ రకమో మీకే తెలియాలి. అయితే పాత పద్ధతిలో బండి బ్యాటరీ నుంచి రిలే పెట్టి నేరుగా లిథియానికి వైరు లాగేవాళ్లున్నారు. అది ఆల్టర్నేటర్‌ని, అంటే ఇంజన్ మీద కరెంటు తయారుచేసే యంత్రాన్ని, నిర్విరామంగా పీల్చేస్తుంది, ఆ యంత్రం కాలిపోవచ్చు. ఛార్జర్ మధ్యలో ఉండాల్సిందే.

ఫ్యూజు గురించి రెండు మాటలు. బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరిన ప్రతి వైరుకీ బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. అవతలి చివర పెడితే మధ్యలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు ఆ ఫ్యూజుకి ఏమీ తెలియదు, వైరు ఎర్రగా కాలుతుంది. ఇంటి కరెంటుకి వాడే ఎంసీబీలు, అంటే కరెంటు ఎక్కువైతే తామే ఆగిపోయే స్విచ్‌లు, ఇక్కడ పెట్టకండి, డీసీకి, అంటే బ్యాటరీ కరెంటుకి, తయారుచేసినవే పెట్టండి. డీసీలో నిప్పురవ్వ పుడితే త్వరగా ఆరదు. పైకప్పు మీద ఏం బిగించాలన్నా ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పుల గురించే. ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా చెప్పండి, రేపు క్లెయిమ్ దగ్గర టెన్షన్ ఉండదు.

కొనకముందు ఒక పని చేయండి. కరెంటు కొలిచే చిన్న మీటరు ప్లగ్గులో పెట్టేది దొరుకుతుంది. ఇంట్లోనే మీ మిక్సీ, లాప్‌టాప్ దానికి పెట్టి వారం రోజులు చూడండి. నేను చెప్పిన అంకెలు ఒక కుటుంబానివి, మీవి కావు. వ్యాన్‌లో బ్యాటరీకి షంట్ ఉన్న మానిటర్, అంటే లోపలికి వచ్చే, బయటికి పోయే కరెంటుని లెక్కపెట్టేది, పెట్టించండి. లిథియం వోల్టేజి చూసి ఎంత మిగిలిందో చెప్పలేరు. ముప్పాతిక ఉన్నా, పాతిక ఉన్నా దాదాపు అదే 13 వోల్టుల చుట్టూ తిరుగుతుంది, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది.

చివరి ప్రశ్న ఎవరిది? ఆ చెప్పు తమ్ముడూ. "ధాబాలో ప్లగ్గు ఇస్తే ఛార్జ్ చేసుకోవచ్చా?" భేషుగ్గా. 30 ఆంపియర్ల లిథియం ఛార్జర్ ఒకటి పెట్టించుకో, అది గోడ నుంచి 450 వాట్లు తీసుకుంటుంది, మామూలు చిన్న సాకెట్ చాలు. ఖాళీ అయిన 200 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఏడు గంటల్లో నిండుతుంది, రాత్రి భోంచేసి పడుకుని లేచేసరికి అయిపోతుంది. వాళ్లకి మూడు యూనిట్ల డబ్బులు ఇచ్చేయి, మొహమాటపడకు. పెట్టేముందు ఆ సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో మూడు పిన్నుల సాకెట్ టెస్టర్ పెట్టి చూసుకో, చాలాచోట్ల ఉండదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు చుట్ట మొత్తం విప్పి వాడు. సగం చుట్టి వదిలేస్తే లోపల వేడి బయటికి పోలేక వైరు తొడుగు మెత్తబడుతుంది. ఇంకెవరికైనా తమ వ్యాన్ లెక్క వేయించుకోవాలనుంటే కాగితం మీద వస్తువులు, గంటలు రాసుకుని రండి, టీ తాగుతూ చూద్దాం.